రెండు కాళ్ల క్యారెట్లు

1997 అక్టోబరులో నన్ను మేడ్చల్‌కు ఉద్యాన అధికారిగా బదిలీ చేశారు. అంతకు ముందు పదకొండేళ్లు ద్రాక్ష తోటలే చూశాను. ద్రాక్ష కొమ్మ ఎక్కడ కత్తిరించాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. కూరగాయల్లో నా అనుభవం తినడం వరకే. అప్పగించిన పని శామీర్‌పేటలో ఒక ఇంటి పెరట్లో రెండు మళ్ల క్యారెట్ వేయించి ఊరివాళ్లకు చూపించడం. పెరడు మహబూబీది. యాభై దాటిన మనిషి, పుట్టినప్పటినుంచీ మట్టిలో చేతులున్న మనిషి.

విత్తనాన్ని ఇసుకలో కలిపి సాళ్లలో చల్లాం. మొదటి మడి ఒత్తుగా మొలిచింది. రెండో మడి విత్తనాన్ని చీమలు ఎత్తుకుపోయాయి. ఆ సంగతి నా కంటపడేసరికి, రెండు మళ్లూ మొలిచాయని రిపోర్టు పంపేసి ఉన్నాను. పైగా ఏడీ గారు, అంటే మా సహాయ సంచాలకులు, జనవరిలో స్వయంగా వచ్చి చూస్తానన్నారు.

మూడు వారాలకు ఒత్తు తీయాలి. రెండు వేళ్ల ఎడానికి ఒక మొక్క ఉంచి మిగతావి పీకేయాలి. పీకినవాటిని రెండో మడిలో నాటేస్తే సరిపోతుందనిపించింది. మహబూబీ ఒప్పుకోలేదు.

“వద్దు సారూ. గాజర్‌ను పీకి నాటితె కాళ్లొస్తయి. పీకినయి పప్పుల ఏసుకుంట,” అంది.

“టమాటా నారు నాటడం లేదా? ఇదీ అంతే,” అన్నాను, ప్రభుత్వం తరఫున.

“టమాట పైన గాస్తది సారూ. గిది కింద ఊరుతది.”

అయినా నేను ఆఫీసర్ని కాబట్టి నీళ్లు తెచ్చి పోసింది. సాయంత్రం పూట తడిమట్టిలో వేలితో గుంటలు చేస్తూ, దారాల్లాంటి వేర్లను ఒక్కొక్కటే దించాను. నడుము పట్టేసింది కానీ మొక్కలు బతికాయి. జనవరికి ఆకు ఎంత పచ్చగా కమ్ముకుందంటే, అందులో నాకు నా ప్రమోషన్ కనిపించింది.

ఏడీ గారు ఫొటోగ్రాఫర్‌తో సహా వచ్చారు. నేను మొదటి మడివైపు దారి చూపాను. పై అధికారి కాబట్టి ఆయన రెండోదాని వైపు వెళ్లారు. మొదటి దుంప కాలుమీద కాలు వేసుకుని వచ్చింది. రెండోదానికి మూడు కాళ్లు. మూడోదానికి రెండే, మధ్యలో ఉన్నదాన్ని కాలు అనలేం. చూడవచ్చిన ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఫొటోగ్రాఫర్ అప్పటికే ఫ్లాష్ కొట్టేశాడు.

“ఇదేం రకమయ్యా?” అన్నారు ఏడీ గారు, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక.

ఏదో హైబ్రిడ్ పేరు చెప్పబోయాను. ఈలోగా మహబూబీ అందుకుంది.

“రకం గాదు సార్. నేను ఇత్తినకాడ సక్కగున్నయి. గీ సారు నాటినకాడ గిట్లయినయి.”

మొదటి మడిలోంచి ఒకటి లాగి చూపించింది. వేలు చాపినట్టు నిటారుగా ఉంది.

రెండో మడి మొలవనే లేదా అని ఏడీ గారు నన్ను అడిగారు. లేదని ఒప్పుకున్నాను. చెవులు కాలిపోయాయి. మూడు నెలలుగా ఉన్న బెంగ మాత్రం అక్కడే తీరిపోయింది.

వారానికి మెమో వచ్చింది, అంటే సంజాయిషీ ఇమ్మనే కాగితం. ఆ ఏడాది ప్రమోషన్ జాబితాలో నా పేరు లేదు. క్యారెట్‌లో మనం తినేదే తల్లివేరు. పీకేటప్పుడు దాని కొస తెగితే పక్కలనుంచి చీలుతుంది. అందుకే విత్తినచోటే పెరగాలి. సంజాయిషీలో ఇంతవరకే రాశాను. రాయనిది ఇంకొకటి ఉంది: పంపేసిన రిపోర్టును నిజం చేయడానికి మొక్కలు నాటకూడదు.