నోటితో కూల్చిన ఇల్లు

ఇల్లు కూల్చాలంటే గునపాలు కావాలి, పలుగులు కావాలి, ఈ రోజుల్లో అయితే పొక్లెయిన్ కావాలి. నేను అవేవీ లేకుండా భవానీపురంలో ఒక మేడని ఒట్టి నోటితో కూల్చాను. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. కావాలంటే వెళ్లి చూసుకోండి, అక్కడిప్పుడు ఆ ఇల్లు లేదు. ఇంకో సంగతి ఏమిటంటే, కూల్చేనాటికి నేను అందులోనే అద్దెకుంటున్నాను.

మాది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. మా నాన్న మగ్గం నేస్తాడు. ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుక్కూర్చోవడం నాకు ఇష్టంలేక, బెజవాడ వచ్చి ఒక టోకు బట్టల కొట్లో గుమాస్తాగా చేరాను. ఎంతైనా నేసేవాడి కొడుకుని కదా, గుడ్డ చేత్తో పట్టుకుంటే చాలు, ఎక్కడ పోగు తెగిందో చెప్పేస్తాను. ఆ విద్య కొట్లో ఉన్నంతవరకూ నాకు అన్నం పెట్టింది. దాన్ని ఇంటికి మోసుకురావడంతోనే వచ్చింది చిక్కు.

ఉయ్యూరు అమ్మాయి సుజాతతో నా పెళ్లయ్యాక ఆ మేడమీద వాటాలో దిగాం. ఇంటాయన ఖాదర్ గారికి వన్‌టౌన్‌లో దర్జీ దుకాణం, దుకాణం పైనే కాపురం. మా కింద వాటాలో తన పాత కుట్టుమిషన్లు పడేసి తాళం వేసుకున్నారు. అంటే మాకు పక్కవాళ్ల గొడవ లేదు, ఇంటాయన కాపలా లేదు. గోడలు జానెడున్నర మందం. మే నెల్లో కూడా మధ్యాహ్నం పూట దుప్పటి వెతుక్కునేవాళ్లం. ఈ మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత నేను చెప్పినదానికీ దీనికీ ఏ సంబంధమూ ఉండదు.

మూడేళ్లు అలా గడిచాయి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. బెజవాడలో అద్దెకుండి చూడు అనడం మర్చిపోయారు. మాకు ఎనిమిది వేల అద్దె అలాగే ఉంది గానీ చుట్టూ తక్కినవన్నీ కొండెక్కి కూర్చున్నాయి. కూరగాయల బండాయన ధర చెప్పేముందు మా ఆవిణ్ణి మెట్టు మీద కూర్చోమనేవాడు. సుజాత టమాటాని చారులో ఒక మునక ముంచి, తీసి, రేపటికని దాచేది. నేను బండి అమ్మేసి కొట్టుకి నడిచి వెళ్తున్నాను. అడిగినవాళ్లకి డాక్టరు నడవమన్నాడని చెప్పేవాణ్ణి. డాక్టరు దగ్గరికి వెళ్లి ఎన్నాళ్లయిందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఖాదర్ గారు వచ్చారు. చాలా ఇబ్బంది పడుతూ, టేపు మెడలో వేసుకునే కూర్చుని, వీధిలో అందరూ పన్నెండు వేలు తీసుకుంటున్నారనీ, తనకీ ఖర్చులు పెరిగాయనీ చెప్పారు. నేను నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన ధర్మాత్ముడు. ఆలోచించి ఒక దారి చెప్పారు. నెలరోజులు టు-లెట్ బోర్డు కడతారట. పన్నెండు వేలకి ఎవరైనా ఒప్పుకుంటే, నేను ఆ అద్దె ఇవ్వాలి, లేదా ఖాళీ చెయ్యాలి. ఎవరూ రాకపోతే మళ్లీ మూడేళ్లు ఎనిమిది వేలే. తను దుకాణం వదిలి రాలేడు కాబట్టి, వచ్చినవాళ్లకి ఇల్లు నన్నే చూపించమన్నారు.

ఆఖరి మాట మళ్లీ చదవండి. ఇల్లు నన్నే చూపించమన్నారు. పిల్లి చేతికి పాలగిన్నె ఇచ్చి, నలుగురికీ పంచమన్నట్టు.

మొదట వచ్చింది కొత్తగా పెళ్లైన జంట. ఆ అమ్మాయికి కిటికీలు నచ్చాయి. నేను అబద్ధాలు చెప్పకూడదనే అనుకున్నాను. కృష్ణ పక్కనే ఉన్నా ఈ ఇంట్లో కుళాయి రోజుకి ఒక్కసారి దగ్గుతుందనీ, ఆ దగ్గు తెల్లారకముందే వస్తుందనీ, బిందె పట్టుకుని సిద్ధంగా ఉండకపోతే అదీ పోతుందనీ మాత్రం చెప్పాను. ఆ అబ్బాయి అమ్మాయి వైపు చూశాడు. ఇద్దరూ చెప్పులేసుకున్నారు.

రెండోసారి స్కూలు టీచర్లు, భార్యాభర్తలు. వాళ్లకి నీళ్ల బాధ పట్టలేదు. అందుకని వరద ఎత్తుకున్నాను. ఆమధ్య వరదల్లో మా వీధి మొదటిదాకా నీళ్లొచ్చిన మాట నిజం. టీచర్లకి గుమ్మందాకా వచ్చాయని చెప్పాను. మూడో పార్టీకి కింద వాటా కిటికీదాకా వచ్చాయి. నాలుగో ఆయన రైల్వే ఉద్యోగి, ఎంతకీ బెదరలేదు. ఆయన కోసం నీటిని మేడమీదికి ఎక్కించాను. పడవని ఇదిగో ఈ పిట్టగోడకే కట్టేవాళ్లమని తాడు ఒరుసుకున్న చోటు కూడా చూపించాను. అది సుజాత బట్టలారేసుకునే తీగ గీత. ఇలా నెల తిరిగేసరికి, వరద పోయి ఎంతకాలమైనా, మా ఇంట్లో నీటిమట్టం మాత్రం వారం వారం పెరుగుతూనే ఉంది.

సుజాతకి ఇది నచ్చలేదు. నీడనిచ్చిన ఇంటిని అలా అనకూడదంది. సాయంత్రం వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోరు జాగ్రత్త అంది. వాళ్లు కూడా అద్దెలు కట్టలేక ఎప్పుడో ఊరు వదిలి వెళ్లిపోయి ఉంటారని నేనన్నాను. గోడలకి చెవులుంటాయంటారు గానీ అది వట్టిమాట. ఉంటే ఆ గోడలు నా మీద పరువునష్టం దావా వేసి ఉండేవి.

ఇక నాలుగు రోజుల్లో గడువు అయిపోతుందనగా వచ్చాడాయన. డెబ్భై దాటిన మనిషి, తెల్ల లాల్చీ, తలమీద టోపీ, చేతిలో గొడుగు. మెట్లెక్కి ఆయాసపడుతూ, "ఇల్లు చూద్దామని వచ్చాను బాబూ" అన్నారు.

ఆ ముక్కలో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. అర్థం చేసుకోవడమే నాకు చేతకాలేదు.

కుర్చీ వేశాను. సుజాత కాఫీ ఇచ్చింది. నీళ్ల సంగతి చెప్పాను, వరద సంగతి చెప్పాను. మిగతావాళ్లలా ఆయన చెప్పులవైపు చూడలేదు. ప్రతి మాటా శ్రద్ధగా విని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. నాకు పుట్టి బుద్ధెరిగాక అంత మంచి శ్రోత దొరకలేదు. ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరు, కొట్లో అసలు మాట్లాడనివ్వరు. దాంతో నాకు పూనకం వచ్చింది. ఇల్లంతా తిప్పి, లేని పగుళ్లు చూపించాను. రాత్రిళ్లు దూలాలు మూలుగుతాయన్నాను. కప్పు ఏ నిమిషాన దిగుతుందో తెలియక, మేము మంచం రోజుకో మూలకి జరుపుకుంటున్నామన్నాను. సుజాత వంటింట్లోంచి రెండుసార్లు దగ్గింది. మా కుళాయి కన్నా గట్టిగానే దగ్గింది. నేను పట్టించుకోలేదు.

ఆయన గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు.

"కట్టినాయన బాగానే కట్టాడని విన్నాను" అన్నారు.

"ఎవరో గానీ మహానుభావుడండీ. ఇసకలో సున్నం వాసన చూపించి కట్టేశాడు. ముందే పోయాడు కాబట్టి బతికిపోయాడు" అన్నాను.

ఆయన పుస్తకం మూసి, సుజాతతో "జాగ్రత్తమ్మా" అని చెప్పి, పిట్టగోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి వెళ్లిపోయారు. ఇంతమందిని పంపించాను గానీ, ఇంత బాగా బెదిరిపోయినవాళ్లు ఎవరూ లేరని నేను సుజాతకి చెప్పుకున్నాను.

ఆదివారం ఖాదర్ గారు వచ్చారు, చేతిలో బందరు హల్వా డబ్బాతో. లోపలికి వస్తూనే నన్ను కౌగిలించుకున్నారు. ఎనిమిది వేల అద్దె ఖాయమైందనుకుని నేను కూడా ఆయన్ని గట్టిగా కౌగిలించుకున్నాను.

"శేషూ, పదేళ్లుగా నా వల్ల కానిది నువ్వు ఒక్క పూటలో చేశావయ్యా" అన్నారాయన.

ఏం చేశానో నాకు తెలియలేదు. ఆయనే చెప్పుకొచ్చారు. ఆ ఇల్లు వాళ్ల నాన్నగారు కట్టించింది, ఇద్దరన్నదమ్ములకీ చెరిసగం. పడగొట్టి అపార్టుమెంటు వేద్దామని ఈయన పదేళ్లుగా అడుగుతున్నారు. బందరులో రోల్డుగోల్డు నగల పని చేసే అన్నగారు రహీం గారు మాత్రం, నాన్న కట్టిన గోడ మీద గునపం పడనివ్వనని ఒకటే పట్టు. మొన్న ఏదో పని మీద బెజవాడ వచ్చి, ఎన్నాళ్లయిందో చూసి అని ఈ ఇంటికి వచ్చారట. ఆ రాత్రే తమ్ముడికి ఫోన్ చేశారట.

"ఆ ఇంట్లో చంటిపిల్లలాంటి అమ్మాయి ఉందిరా, నాకు కాఫీ ఇచ్చింది, ఆ పిల్ల మీద కప్పు కూలితే నేను అల్లాకి ఏం జవాబు చెప్పను, వెంటనే పడగొట్టెయ్యి అన్నాడయ్యా మా అన్న" అన్నారు ఖాదర్ గారు, కళ్లు తుడుచుకుంటూ.

రోల్డుగోల్డు పని అంటే పైపూత కింద ఏముందో కనిపెట్టడమే కదండీ. బతుకంతా ఆ పని చేసిన మనిషి నా మాటల్ని మేలిమి బంగారం అనుకున్నాడు. నాకు నోట్లో హల్వా అడ్డం పడింది. అంత ప్రమాదమేమీ లేదండీ, ఇంకో పాతికేళ్లు ఢోకా లేదు అని నసిగాను. ఖాదర్ గారు నన్ను మొహమాటపడవద్దన్నారు. అన్నగారు అన్నీ రాసుకొచ్చారనీ, మంచం జరుపుకునే సంగతి చదివి వినిపిస్తుంటే తన భార్య ఏడ్చిందనీ చెప్పారు. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నారు. అడ్వాన్సు ఆ క్షణమే చేతిలో పెట్టారు. అపార్టుమెంటు లేచాక మొదటి ఫ్లాటు మాకే ఇస్తారట, అద్దె అందరికీ పాతికవేలైతే మాకు ఇరవై మూడుకే.

ఆయన వెళ్లాక సుజాత, అట్టపెట్టెలు కావాలి, కొట్లోంచి తెండి అంది. అంతే. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

బెజవాడ నలుమూలలా తిరిగాను. ఎక్కడికక్కడ ఇల్లు చూపించడానికి అద్దెకున్నవాళ్లే వచ్చారు. వాళ్లు చెప్పే కష్టాలు వింటుంటే ఎవరు నిజం చెబుతున్నారో, ఎవరు నాలాంటివాళ్లో తేల్చుకోలేక చచ్చాను. చివరికి ఊరి బయట గదిన్నర ఇల్లు దొరికింది. అద్దె పదమూడు వేలు. ఖాదర్ గారు అడిగిన పన్నెండు ఇచ్చి హాయిగా ఉండి ఉంటే అని మీరు అనుకుంటున్నారు కదా. సుజాత కూడా ఆ ముక్క అనుకుంటోందని నాకు తెలుసు. పైకి అనదు.

పడగొట్టడం మొదలైన తొమ్మిదో రోజున, ఉండబట్టలేక చూడ్డానికి వెళ్లాను. ఖాళీ స్థలం ఉంటుందనుకున్నాను. పైకప్పు, ముందు భాగం పోయాయి గానీ వెనక గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఒక పొక్లెయిన్ పళ్లు విరిగి మూలన పడుంది. రెండోది రొప్పుతోంది. మేస్త్రి తల పట్టుకుని, ఇది గానుగ సున్నం పని, ఇలాంటి గోడ కట్టేవాడు ఇప్పుడు లేడు, ముందే తెలిస్తే ఈ రేటుకి ఒప్పుకునేవాణ్ణి కాదని అందరికీ వినబడేలా మొత్తుకుంటున్నాడు.

ఎదురింటి అరుగు మీద, గొడుగు వేసుకుని, ప్లాస్టిక్ కుర్చీలో రహీం గారు. నన్ను చూసి దగ్గరికి రమ్మన్నారు.

"ఏ నిమిషాన కూలుతుందో అన్నావు కదా బాబూ. తొమ్మిది రోజులైంది. ఆ నిమిషం ఎప్పుడో కాస్త కనుక్కుని చెప్పు" అన్నారు.

మొహంలో కోపం లేదు, నవ్వు లేదు. అక్కడితో నా వల్ల కాలేదు. పక్కనే అరుగు మీద కూర్చుని, అద్దె పెరుగుతుందని అన్నీ అబద్ధాలు చెప్పాననీ, అంత చల్లటి ఇంట్లో, అంత గట్టి ఇంట్లో నేను ఎప్పుడూ ఉండలేదనీ, మీ నాన్నగారిని అన్న మాటకి నన్ను చెప్పుతో కొట్టినా తప్పులేదనీ చెప్పేశాను. ఆయన పొక్లెయిన్ వైపే చూస్తూ విన్నారు. అది గోడని ఇంకోసారి గుద్దింది. గోడ కదల్లేదు.

"అయితే మా నాన్న బాగానే కట్టాడంటావు."

"బ్రహ్మాండంగా కట్టారండీ."

ఆయన రోడ్డుకి అవతల నిలబడ్డ తమ్ముణ్ణి కేకేశారు.

"ఖాదర్, ఇల్లు గట్టిదేనటరా."

అప్పటికి నిలబడి ఉన్నవి రెండు గోడలు.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటి వల్ల ఊళ్లో ఒక ఇల్లు తగ్గింది. అందుకని ఆ రెండు గోడల సాక్షిగా, దుమ్ములో తూర్పుకి తిరిగి నిలబడి ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట నేనుండే ఏ అద్దె ఇంటినీ నా నోటితో పల్లెత్తు మాట అనను. ఇప్పుడున్న ఇంట్లో వానొస్తే కప్పులోంచి సరిగ్గా మంచం మీదకే కారుతుంది. ఇల్లెలా ఉందండీ అని మొన్న కొట్లో ఎవరో అడిగారు.

చల్లగా ఉంటుందండీ అన్నాను.