పదకొండు సీసాలు

2005లో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసేవాణ్ణి. అక్కడ మద్యం నిషేధం. అందుకని క్యాంపు గదిలోనే మత్తులేని బార్లీ పానీయంలో చక్కెర, ఈస్టు కలిపి, పన్నెండు సీసాల్లో బీరు పులియబెట్టాను. అన్నీ గ్రాముల్లో తూచాను. పగలు మేం పనికెళ్లాక క్యాంపువాళ్లు ఏసీ ఆపేస్తారన్నది మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

సాయంత్రం నా గదిలోనే ఉండే లక్ష్మణన్న మంచం కింద సీసాలున్న పెట్టె లాగగానే, పగటి వేడికి గ్యాసు నిండిన ఒక సీసా పేలింది. గాజుముక్క అతని కంట్లో దిగింది.

“తమ్మీ, ముందుగాల మిగిలినయి పారబొయ్యి. ముదీర్ జూస్తే ఇద్దరి నౌకరీ ఖలాస్!” అన్నాడు, కన్ను పట్టుకుని మూలుగుతూ. ముదీర్ అంటే మా మేనేజరు.

పదకొండు సీసాలూ ఒలకబోసి, నేల కడిగి, ఆ తరువాతే టాక్సీ పిలిచాను. ఆ పనికే ఇరవై నిమిషాలు పట్టింది. అతనికి ఆ కన్ను దక్కలేదు. వెంటనే తెస్తే దక్కేదా అని డాక్టరును అడగడానికి భయపడ్డాను.