రాజుగారిని రెండుసార్లు కరవబోయిన పాము

నాటకంలో ఒకసారి చచ్చిపోయిన రాజును కరవడానికి పాము మళ్ళీ బయల్దేరడం మీరెవరూ చూసి ఉండరు. రేపల్లెలో ఒక పందిరి నిండా జనం చూశారు. వాళ్ళలో ఎవరైనా ఇప్పటికీ బజారులో ఎదురైతే ముందు నా మొహం చూసి నవ్వుతారు, తర్వాత కుశలం అడుగుతారు. ఆ పామును నడిపినవాణ్ణి నేనే.

"పాము పాకుతుంది గానీ నడవడమేంటి?" అంటారేమో. మా పాముకు చక్రాలున్నాయండి.

డెబ్బైల మొదట్లో మాట. నేనింకా పత్రికలో చేరలేదు. కొలకలూరు నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చి తెనాలిలో వీరభద్రయ్యగారి షాపులో రిపేర్లు చేసేవాణ్ణి. 'రేడియోలు, ఫ్యాన్లు, విదేశీ ఆటబొమ్మలు బాగుచేయబడును' అని బోర్డు. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి ఓడల్లో పనికి పోయినవాళ్ళు సెలవుల్లో తెచ్చే జపాను బొమ్మలే ఆ విదేశీ ఆటబొమ్మలు. డప్పు కొట్టే కోతి, మొట్టికాయ వేస్తే గానీ కదలని రైలింజను, అన్నీ ఉప్పుగాలికి జలుబు చేసి మా దగ్గరికి వచ్చేవి. వాటికి వైద్యం నాది. వీరభద్రయ్యగారు గల్లాపెట్టె ముందు కూర్చుని పద్యాలు పాడుకునేవారు. ఆయనకు షాపు బతుకుతెరువు, నాటకం బతుకు.

నాకేమో నాటకాల సంగతి బొత్తిగా తెలియదు. మా నాన్నకు గిట్టదని ఒక్కటీ చూడనిచ్చేవాడు కాదు. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

వీరభద్రయ్యగారు వేసేది రాజు వేషం. అడవిలో వేటకు వెళ్ళి అలసి పడుకున్న రాజును పాము కరుస్తుంది. ఆయన రాణి ఒడిలో తలపెట్టి, విషం తలకెక్కేదాకా ఓ పెద్ద పద్యం పాడి కన్నుమూస్తాడు. చావు మధ్య అంత ఊపిరి ఎక్కణ్ణుంచి వచ్చేదో గానీ, ఒక్కో రాగం రేపల్లె ప్యాసింజరంత పొడవుండేది.

చిక్కంతా పాముతోనే. అది గుడ్డపాము. దారం కట్టి పక్కనుంచి లాగేవాళ్ళు. చుండూరులో ఆ దారం సగంలో తెగింది. పాము కదలదు, రాజు చావాలి. చివరికి రాజుగారే పడుకున్నవాడు లేచి, నాలుగడుగులు వేసి, పాము పక్కన మళ్ళీ పడుకుని కరిపించుకున్నారు. ఆ పూట ముందు వరసలో ఆయన మామగారు కూర్చుని ఉన్నారు. రేపల్లెలో ధాన్యం వ్యాపారి, నోరు విప్పి ఓ ఎత్తిపొడుపు విసిరితే ఎదుటివాడు కూలబడ్డానికి కుర్చీ వెతుక్కోవాల్సిందే.

"మా అల్లుడు పాము ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్ళి మరీ చచ్చే రకం" అన్నాడట ఆయన. ఆ మాట చుండూరు నుంచి తెనాలికి మా ఓనరుగారి కంటే ముందే చేరింది.

అలాంటి సమయంలో రేపల్లెలోనే నాటకం ఆడమని పిలుపొచ్చింది. వీరభద్రయ్యగారు నన్ను దగ్గరికి పిలిచారు.

"ఒరే శేషూ, మా మామ ముందు నాకు ఒక్క వన్స్ మోర్ పడాలిరా. ఒక్కటి చాలు. నువ్వో పాముని చెయ్యి."

"పామునా బాబాయ్ గారూ?"

"దారం లేని పాము. చేశావనుకో, బాపట్లలో పెట్టబోయే షాపు నీదే. తాళంచెవి నీ చేతిలో పెడతాను."

బాపట్ల అనగానే నాకు ఒళ్ళు పులకరించింది. సొంత బల్ల, సొంత స్టూలు, నన్ను "సార్" అని పిలిచే ఊరు. అప్పటికే మా దగ్గర ఒక జపాను కారు ఉంది, రేడియోతో నడిచేది. తెచ్చినాయన అది ఎంతకీ బాగుపడదని మాకే వదిలేసి మళ్ళీ ఓడెక్కేశాడు. దాన్ని నేను ఎలాగో బతికించాను. చేతిలో చిన్న పెట్టె, దానికో పొడుగాటి ఏరియలు, ఒకే ఒక్క బటన్. స్విచ్చి వేస్తే కారు ముందుకు పోతుంది. బటన్ నొక్కితే వెనక్కి వచ్చి పక్కకు తిరుగుతుంది. ఆగడమన్నది మాత్రం జపాను వాడు దానికి నేర్పలేదు. ఆపాలంటే పట్టుకుని పొట్ట కింద స్విచ్చి తీసెయ్యాలి.

"ఒకటే బటనేంట్రా?" అన్నారు వీరభద్రయ్యగారు.

"ఒకటేనండి."

"పోన్లే, పాముకు మాత్రం అంతకంటే పనేముంది? రావడం, కరవడం, పోవడం."

కారు మీద ఆకుపచ్చ పట్టుగుడ్డ తొడిగి, వెనకాల గజం పొడుగు తోక వేలాడదీశాను. అట్టతో పడగ కట్టాను. పాత రేడియోలోంచి పీకిన రెండు బుల్లి బల్బులకు ఎర్ర రంగు పూసి కళ్ళు పెట్టాను. షాపులో వదిలితే పక్క కొట్టు సుబ్బమ్మగారు అప్పడాల పిండి తొక్కుకుంటూ రోడ్డు మీదికి పరిగెత్తింది. పాము పాసైపోయిందన్నమాట.

రేపల్లెలో మేకప్పులు అయ్యాక వీరభద్రయ్యగారు అందర్నీ నిలబెట్టి కిరీటం సర్దుకుంటూ హెచ్చరించారు. "వన్స్ మోర్ పడితే ఎవరూ దిక్కులు చూడొద్దు. ఎవరి పని వాళ్ళు మళ్ళీ మొదటినుంచీ అందుకోవాలి. తెలిసిందా?"

ఆయన అన్నది హార్మోనియం ఆయన్నీ, రాణి వేషం వేసిన సుందరమ్మగారినీ. అందరికంటే గట్టిగా "తెలిసిందండి!" అన్నది నేను.

నాటకం మొదలైంది. అడవి తెర. రాజు పడుకున్నాడు. నేను పక్కనుంచి స్విచ్చి వేసి వదిలాను. ఎర్రకళ్ళు వెలిగించుకుని, తోక ఊపుకుంటూ, ఎక్కడా దారమన్నది లేకుండా పాము బయల్దేరింది. పందిరిలో ఊపిరి ఆగిపోయింది. ముందు వరసలో ఆడవాళ్ళు కాళ్ళు పైకి ముడుచుకున్నారు. పాము రాజుగారి మడమ ముట్టుకుంది. బటన్ నొక్కాను. బుద్ధిగా వెనక్కి వచ్చి, తిరిగి, నా చేతుల్లోకి వచ్చి వాలింది. ముద్దు పెట్టుకుందామనిపించింది.

వీరభద్రయ్యగారు పద్యం ఎత్తుకున్నారు. సుందరమ్మగారి ఒడిలో పాడి, పాడి, తల వాల్చారు. అప్పుడు జనంలోంచి ఒక గొంతు లేచింది.

"వన్స్ మోర్!"

దాని వెనకే పందిరి మొత్తం అందుకుంది. చచ్చిపడి ఉన్న రాజుగారి మీసం కింద చిరునవ్వు కదలడం నేను కళ్ళారా చూశాను. ఆయన లేచి కూర్చుని జనానికి ఓ దణ్ణం పెట్టి, గొంతు సవరించుకున్నారు. హార్మోనియం శ్రుతి ఇచ్చింది.

ఎవరి పని వాళ్ళు మొదటినుంచీ కదా? నేను నా పని అందుకున్నాను.

ముందు చూసింది సుందరమ్మగారు. "మహారాజా! పాము!"

రాజుగారు రాగం మధ్యలోనే పళ్ళ బిగువున, "కరిచి పోయిందిగా అమ్మా!" అన్నారు.

"మళ్ళీ వస్తోందండీ బాబూ!"

ఆయన తల తిప్పి చూశారు. పాముకేసి కాదు, నాకేసి. చెయ్యి కదలకుండా, వేళ్ళతోనే 'తియ్, తియ్' అన్నారు. నేను దాన్ని 'తే, తే' అనుకున్నాను. ఇంకా హుషారుగా తలూపాను.

ఆయన గబుక్కున కాళ్ళు ముడుచుకోవడంతో పాము గురి తప్పి రాజుగారి ఉత్తరీయం మీదికెక్కింది. చక్రానికి జరీ చుట్టుకుంది. కంగారుగా బటన్ నొక్కాను. వెనక్కి వచ్చింది, తిరిగింది, అయితే ఆ తిరగడంలో పడగా పట్టుగుడ్డా రెండూ ఊడి అక్కడే పడిపోయాయి. లోపల్నుంచి నిగనిగలాడే ఎర్రకారు బయటికి వచ్చింది.

"ఓరి, కుబుసం విడిచిందిరోయ్!" అని ఎవరో అరిచారు.

"కారు! కారు!" అని పిల్లలు లేచి గెంతులు.

నేను బటన్ నొక్కుతూనే ఉన్నాను. ఏరియలు తెరలో ఇరుక్కుని విరిగిందని నాకు తెలియదు. కారు ఉత్తరీయాన్ని లాక్కుంటూ స్టేజీ అంచుకు పరిగెత్తింది. ఉత్తరీయం రెండో కొస భుజాన కట్టి ఉంది కాబట్టి వెనకాలే రాజుగారు. అయినా ఆయన పద్యం ఆపలేదు సుమండీ. అంత నిష్ఠ నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ప్రాణం పోతోందని పాడుతూ, మోకాళ్ళ మీద కారు వెంట పోయారు. అంచు దగ్గర ముడి తెగింది. కారు ఎగిరి వెళ్ళి సరిగ్గా మామగారి ఒళ్ళో పడింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, పొట్ట కింద స్విచ్చి కనిపెట్టి, తీసేశారు.

పందిరి పైకెగిరిపోయేలా "వన్స్ మోర్! వన్స్ మోర్!" మోకాళ్ళ మీదున్న వీరభద్రయ్యగారు చెమర్చిన కళ్ళతో రెండు చేతులూ జోడించారు.

వెనకనుంచి ఓ గొంతు వచ్చింది. "నీక్కాదయ్యా, పాముకి!"

నాటకం అయ్యాక మామగారు కారు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చారు. వీరభద్రయ్యగారు కిరీటం తీసి పక్కన పెట్టి, తలవంచుకుని కూర్చున్నారు.

"అల్లుడుగారూ, మొదటిసారి వన్స్ మోర్ అన్నదెవరో తెలుసా? నేనే."

వీరభద్రయ్యగారి మొహం వెలిగిపోయింది. "నిజమా మామయ్యా! పద్యం అంత నచ్చిందా?"

"పద్యమా? పాము మళ్ళీ వస్తుందేమోనని అన్నాను." నా వైపు తిరిగి వీపు తట్టారు. "వచ్చింది. ఇంతమందిలో నా మాట అర్థమైంది ఈ అబ్బాయికొక్కడికే."

నా బతుకులో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. అదే నన్ను ముంచింది. తిరుగు బండిలో దారి పొడుగునా వీరభద్రయ్యగారు చిరిగిన ఉత్తరీయం జరీపోగులు ఏరుకుంటూ కూర్చున్నారు. తెనాలి స్టేషన్లో దిగాక ఒక్కటే మాట అన్నారు. "బాపట్లా లేదు, గీపట్లా లేదు."

కారు కూడా తిరిగి రాలేదు. రేపల్లెలో ధాన్యం బస్తాల మధ్య మామగారే దాన్ని నడుపుకుంటున్నారని తర్వాత తెలిసింది. నేను పత్రికాఫీసు మెట్లెక్కాను. అక్కడ ఒకసారి అచ్చేసిన వార్త మళ్ళీ వేస్తే తిడతారని విని, ఇదే నాకు తగిన చోటనుకున్నాను.

అందుకని పాఠకుల సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరు ఎక్కడ వన్స్ మోర్ అన్నా నా చెయ్యి ఏ స్విచ్చి మీదికీ పోదు. ఇది చదివి మీరు అన్నా సరే, నేను కుర్చీలోంచి లేవను, దణ్ణం పెట్టను. ఆ కేక నాక్కాదని, పాముకేనని నాకు తెలుసు.