ఫోను అద్దం మీద పెట్టిన చెయ్యి

మా చిన్నప్పుడు... సంగటి కుండ పొయ్యి మీద నుంచి దిగాకే మా ఇంట్లో ప్రార్థన మొదలయ్యేది. ఇదెక్కడి న్యాయమో దేవుడికే తెలియాలి. మదనపల్లె పక్కన పేటలో ఒంటి గది ఇల్లు మాది. పొగలు కక్కే సంగటి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి ఎదురుగా పెట్టుకుని కళ్లు మూసుకోవాలి...

అమ్మ ప్రార్థన చిన్నదా? పేటలో జ్వరం వచ్చిన వాళ్లందరినీ, వాన పడని చేలన్నిటినీ, చివరికి పక్కింట్లో ఈనబోయే ఎనుమును కూడా కలుపుకుని పోయేది.

ఆకలి తట్టుకోలేక ఒక రోజు నేను మా చర్చి సంఘ పెద్ద గొంతు పెట్టి, నడిమధ్యలో గట్టిగా "ఆమేన్!" అన్నాను. మా నాయన పాపం నిజమే అనుకుని ముద్ద విరిచి నోట్లో పెట్టేసుకున్నాడు.

అమ్మ కళ్లు తెరవలేదు. ఒక చెయ్యి అక్క తల మీద, ఇంకో చెయ్యి నా తల మీద ఉంది. ఆ చేత్తోనే నా జుట్టు పిడికిట బిగించి, "ప్రభువా, ఈ ఆడదెయ్యానికి బుద్ధియ్యి... ఇంకా అయిపోలేదు, ఆయప్పను నమిలేది ఆపమను" అని అదే గొంతుతో ముందుకు పోయింది.

మా ఇళ్లలో అదే అలవాటు. తల మీద చెయ్యి పెట్టి, పేరు పెట్టి ప్రార్థన చేస్తేనే బిడ్డకు ఆ రోజు ముగిసినట్టు.

నాకు చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. నోరు ఆగలేదు. ఇంటాయన పోయాక ఇద్దరు మగపిల్లలను పుంగనూరులో అక్క దగ్గర వదిలి, కువైట్‌లో ఒక ఇంట్లో వంటకు వచ్చాను. పెద్దోడు సామ్యేలు, చిన్నోడు దానియేలు. నేను విమానం ఎక్కేనాటికి చిన్నోడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా రాదు...

అప్పటి నుంచి పెంపకమంతా వీడియో కాల్‌లోనే. తల దువ్వుకోండి, అబద్ధాలు ఆడొద్దండి, పెద్దమ్మకు ఎదురు చెప్పొద్దండి... సాయంత్రం ప్రార్థనా అందులోనే. అక్కడ వాళ్లు ఫోను ముందు తలలు వంచితే, ఇక్కడ నేను వంటింట్లో పొయ్యి తగ్గించి ఫోను అద్దం మీద అరచెయ్యి పెట్టేదాన్ని. దాంతో పైనున్న కెమెరా కూడా మూసుకుపోయేది.

"మా, అంతా సీకటైపాయ!" అని చిన్నోడు కేకేసేవాడు.

"ప్రార్థనలో కండ్లు మూసుకోనుంటే సీకటి ఎట్ల సూస్తివిరా దొంగా?"

పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు కోసం గిన్నె తల మీద బోర్లించుకునేదాన్ని, సంఘ పెద్దలా దగ్గేదాన్ని. బిడ్డలు నా దగ్గరే పెరుగుతున్నారనుకున్నాను. అంత పిచ్చిదాన్ని...

పెద్దోడు ఇప్పుడు కుప్పంలో చదువుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు. పదో తరగతిలో ఉన్న చిన్నోడి గురించే పోయిన నెల అక్క ఫోను చేసింది.

"వాడు ఇస్కూలుకు పోయి శానా దినాలాయె మే. పొద్దన్నే బస్సెక్కి మదనపల్లె టమాటా మండీకి పోతాండాడు. పెట్టెలు మోస్తాండాడు. నా మాట ఇంటేగదా!"

ఆ రోజు నుంచి వాడు నా ఫోను ఎత్తలేదు. నిన్న సాయంత్రం అక్క బలవంతంగా ఫోను తీసుకెళ్లి వాడి ముందు పెట్టింది. నాకు వచ్చిన వేషం ఒకటే... గిన్నె తల మీద బోర్లించుకున్నాను. వాడు నవ్వలేదు. మెల్లగా దించేశాను.

వాడికి మీసం వస్తోంది. నా కొడుక్కి మీసం వస్తున్న సంగతి నేను ఫోనులో చూసి తెలుసుకున్నాను...

"తల వంచు నాయనా, ప్రార్థన చేసుకుందాం" అన్నాను.

"వద్దుమా."

"యాల రా? అమ్మ చెయ్యి వద్దా నీకు?"

"నా తల మింద యాడ పెట్టినావు మా? ఇన్నేండ్లూ ఫోను మింద గదా పెట్టినావు."

ఒకరు ఒక మాటంటే నాలుగు అప్పజెప్పే నోరు నాది. ఫోను మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

వాడే మళ్లీ అన్నాడు. "నువ్వొస్తే ఇస్కూలుకు పోతా."

"వస్తానప్పా..."

"అది ఎప్పుడూ సెప్పేదే. ఏ దినం వస్తావో సెప్పు."

ఏం చెప్పను? పాస్‌పోర్టు యజమానురాలి బీరువాలో ఉంది. అడిగితే పండగ అయిపోనీ అంది. పండగ అయ్యాక అడిగితే ఇంట్లో పెళ్లి ఉంది అంది. పెళ్లి తరువాత ఇంకేదో ఉంటుంది. అన్నాళ్లు ఆగితే పరీక్షలు అయిపోతాయి, వాడికి మండీయే బడి అయిపోతుంది.

యజమానురాలి చిన్న కొడుక్కి రోజూ తల దువ్వేది నేనే. ఈ పొద్దున దువ్వుతూ దువ్వుతూ ఉంటే చెయ్యి ఆ పిల్లోడి తల మీదే ఆగిపోయింది. కళ్లు మూసుకుపోయాయి. నా నోట్లో నుంచి "దానియేలును కాపాడు తండ్రీ" అని వచ్చింది... ఆ పసివాడు తల ఎత్తి, ఎవరిని పిలుస్తున్నావు అన్నట్టు నా మొహం చూశాడు.

మా కాలంలో అమ్మ చేతి కింద నుంచి తప్పించుకోవడానికి పెనుగులాడేవాళ్లం. నా బిడ్డలకు ఆ పెనుగులాట కూడా మిగల్లేదు...

నాలాగా గల్ఫులో ఉండి, ఫోనులో కొడుకులను పెంచి, ఊరికి తిరిగిపోయిన అమ్మలు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట రాయండి. ఇంటికి పోయాక మీ బిడ్డ తనంతట తాను వచ్చి మీ పక్కన కూర్చోవడానికి ఎన్నాళ్లు పట్టింది?

అబద్ధమైనా పర్వాలేదు... తక్కువే చెప్పండి.