బొగ్గు గదిలోంచి వచ్చిన ఛైర్మన్

యుద్ధకాలంలో సరుకుల ఓడ అడుగున బాయిలర్లకు బొగ్గు వేసినవాడు ఊరికి మున్సిపల్ ఛైర్మన్ అయ్యాడంటే, అందులో సగం ఆయన గొంతు మహిమే. ఇంజన్ల హోరుకు చెవులు దెబ్బతిన్నాయి. ఎదుటివాడికీ వినపడదేమోనని ఎప్పుడూ అరిచే మాట్లాడేవాడు. రేవు సమ్మెలో మైకు మొరాయిస్తే ఆయన్నే బల్ల ఎక్కించారు. ఇక దిగనివ్వలేదు.

మిగతా సగం, మునిగిన ఓడ. టార్పెడో తగిలినప్పుడు ఆయన కాస్త గాలి పీల్చుకుందామని పైకొచ్చాడు. తనతోపాటే బొగ్గు వేసే బావ, అక్క మొగుడు, కిందే ఉండిపోయాడు. ఆ కథ చెప్పి ఓట్లు అడగమని పార్టీవాళ్లు అంటే మొదట ససేమిరా అన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. అక్కనూ వేదిక మీద కూర్చోబెట్టారు.

అక్క రేవు వెనక గుడిసెల్లో గోతాలు కుట్టి బతికేది. రేవు పెంచడానికి ఆ గుడిసెలు తీసేయాలన్న తీర్మానం ఆయన ముందుకే వచ్చింది. కాదంటే పదవి ఊడుతుంది, ఇంకొకడొచ్చి ఎలాగూ కూల్చేస్తాడు, తనుంటే కనీసం ఇళ్లైనా కట్టించొచ్చు. ఇలా తనకు తానే సర్దిచెప్పుకుని చెయ్యెత్తాడు.

ఆ కబురు తనే మోసుకెళ్లాడు. అక్క సూది ఆపలేదు.

"ఇళ్లు ఇస్తారక్కా. పైవాళ్లు మాటిచ్చారు."

"మెల్లగా చెప్పరా, చుట్టుపక్కలవాళ్లు వింటారు."

"అందాకా మా ఇంటికి వచ్చెయ్."

"నేనొస్తే వీళ్లంతా ఎవరింటికి పోవాలి? మీ బావ పేరు చెప్పి వీళ్లనే కదరా ఓట్లు అడిగావు. నేనూ పక్కనే కూర్చున్నాను, బుద్ధి లేక."



గుడిసెలు పోయాయి, ఇళ్లు రాలేదు. అందరూ పాత గోడౌను వసారాలో తలదాచుకున్నారు. ఆ వానల్లో అక్కకు జ్వరం తగులుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్దామని ఆయన కారు తెస్తే, గోడవైపు తిరిగి పడుకుంది. వారం తిరక్కుండానే పోయింది.

శవాన్ని ఎత్తడానికి ఆయన వంగబోతే, అదే ఓడలో పనిచేసిన ముసలి కళాసీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులెండి ఛైర్మన్ గారూ, బట్టలు మాసిపోతాయి."

అన్నేళ్లలో ఆ మనిషి ఆయన్ని 'ఒరే' అని తప్ప పిలిచి ఎరగడు.

తర్వాతి ఎన్నికల్లో ఆయన మళ్లీ నెగ్గాడు. గుడిసెలవాళ్ల ఓట్లు అవసరమే పడలేదు. చిరునామా లేదని వాళ్ల పేర్లు ఎప్పుడో తీసేశారు. ఊరేగింపు జీపు గోడౌను ముందుకు వచ్చినప్పుడు ఆపమన్నాడు. ఆపారు. ఆయన మాత్రం దిగలేదు.

"పోనివ్వమంటారా సార్?" డ్రైవరు అడిగాడు.

"పోనీ" అన్నాడు.