బియ్యం బస్తాలతో ప్రొపెల్లర్ పరీక్ష

మా అమ్మాయి హైస్కూల్లో చేపలు పట్టే టీములో ఉంది. టెక్సస్‌లో స్కూళ్ళకి ఫుట్‌బాల్ టీములు ఉన్నట్టే బాస్ అనే రకం చేపలు పట్టే టీములు కూడా ఉంటాయని, ఇర్వింగ్‌లో ఇన్నేళ్ళు కాపురం చేసినా నాకు తెలియదు. ఇద్దరు పిల్లలు ఒక జట్టు. వాళ్ళకి బోటు నడపడానికి పెద్దవాళ్ళు ఒకరు కావాలి, ఆ మనిషిని కెప్టెన్ అంటారు. కెప్టెన్ గాలం ముట్టుకోకూడదు. బోటు నడపాలి, మిగతా సమయమంతా నోరు మూసుకుని కూర్చోవాలి. రెండోది నాకు చేతకాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అయినా నాకే వచ్చింది ఆ పదవి. మా ఆయనకి నీళ్ళంటే భయం, స్విమ్మింగ్ పూల్ దగ్గర కూడా కుర్చీ నాలుగడుగులు వెనక్కి లాక్కుని కూర్చుంటాడు. సెకండ్ హ్యాండ్‌లో ఒక బాస్ బోటు కొన్నాం. పొడుగ్గా, నీటికి ఆనుకున్నట్టు తక్కువ ఎత్తులో ఉంటుంది, వెనక నూట యాభై హార్స్‌పవర్ మోటారు. ఇండియా నుంచి చుట్టాలు ఫోన్ చేసినప్పుడల్లా పట్టిన చేపలతో పులుసు పెడతారా, వేపుడు చేస్తారా అని అడిగేవారు. తూకం వేయించి మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తామని చెబితే మరి పట్టడం దేనికని అడిగేవారు.

చేపల మీద నాకూ పెద్ద మోజేం లేదు. ఇంట్లో ఉంటే మా అమ్మాయి గది తలుపు వేసుకుంటుంది, కార్లో ఉంటే చెవుల్లో ఏవో పెట్టుకుంటుంది. బోటులో మాత్రం నా పక్కన కూర్చుని కబుర్లు చెబుతుంది. టీచర్ల గురించి, స్నేహితుల గురించి, అడగకుండానే చెబుతుంది. వచ్చే ఏడు కాలేజీకి వెళ్ళిపోతుంది. ఆ బోటులో గడిపే శనివారాలు తప్ప మా అమ్మాయితో నాకు ఇంకేమీ మిగల్లేదు, అవి పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

బోటుతో పాటు వచ్చిన అల్యూమినియం ప్రొపెల్లర్ నీళ్ళలో మునిగి ఉన్న ఏదో మొద్దుకి తగిలి ఒక రెక్క అంచు విరిగింది. కొత్తది కొనాలి. ఆఫీసులో డేటాబేసులు చూసుకునే దాన్ని కదా, వెంటనే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచాను. దొరికిన ప్రొపెల్లర్లన్నీ వరసగా రాసి, మూడు రెక్కలవా నాలుగు రెక్కలవా, స్టీలా అల్యూమినియమా, పిచ్ ఎంత అని నింపాను. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే బోటు ఎన్ని అంగుళాలు ముందుకి పోవాలో చెప్పే లెక్క. అంకె పెద్దదైతే స్పీడు ఎక్కువ. ఇక నేను ఆ ఒక్క కాలమ్ పట్టుకుని పైనుంచి కిందికి సార్ట్ చేశాను. పిల్లలకి కాలేజీలు వెతికేటప్పుడు మనవాళ్ళందరూ చేసే పనే ఇది.

చాలదన్నట్టు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే మా పెదనాన్న కొడుకుని కూడా అడిగాను. ఆయన కార్ల గేర్‌బాక్సులు డిజైన్ చేస్తాడు. హైవే మీద టాప్ గేర్ ఎలాగో పెద్ద పిచ్ అలాగని, మోటారు పెద్దదే కాబట్టి లాగేస్తుందని, భయం లేకుండా తీసుకోమని చెప్పాడు. ఇద్దరం కలిసి ఒక్క బోటైనా సరిగ్గా నడిపిన వాళ్ళం కాదన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. పాతది ఇరవై ఒకటి, నేను ఇరవై మూడు తెప్పించాను. మెరిసిపోయే స్టీలు.

బిగించడం మాత్రం పద్ధతిగానే చేశాను. బ్యాటరీ వైరు తీసేసి, రెక్క తిరగకుండా ఒక చెక్కముక్క అడ్డం పెట్టి, పాతది ఊడదీసి, షాఫ్టుకి గ్రీజు పూసి, వాషర్లన్నీ వచ్చిన వరసలోనే తిరిగి వేసి, కొత్తది ఎక్కించి నట్టు బిగించాను. ఆ శనివారం అమ్మాయికి ఎస్ఏటీ క్లాసు, మా ఆయన ఎలాగూ ఎక్కడు. నేనొక్కదాన్నే లేక్‌లోకి వెళ్ళి, స్పీడు పెంచే థ్రాటిల్‌ని చివరిదాకా నెట్టాను. పాత ప్రొపెల్లర్ మీద గంటకి మూడు మైళ్ళు ఎక్కువ వచ్చింది. స్పీడు ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా అన్నయ్య నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు.

రెండు పోటీలు అయ్యాక, సీజన్ ఆఖరి పోటీ దగ్గర పడుతుండగా, మా అమ్మాయి వంటింట్లోకి వచ్చి నిలబడింది. జట్టులో ఉన్న అమెరికన్ పిల్ల వాళ్ళ నాన్నకి పెద్ద బోటు ఉంది, ఆఖరి పోటీకి కెప్టెన్‌గా తను వస్తానంటున్నాడట.

"మన బోట్ ఇట్స్ జస్ట్ స్లో, అమ్మా. స్టార్టింగ్‌లో చాలా టైమ్ తీసుకుంటుంది. ఆదివారం ప్రాక్టీస్ లోపల ఫిక్స్ చేస్తే ఓకే. లేకపోతే వాళ్ళ డాడ్ వస్తారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోటో చూపించాను, స్ప్రెడ్‌షీట్ చూపించాను. మా అమ్మాయి రెండూ చూసి, నువ్వొక్కదానివే ఉన్నప్పుడు తీసిన ఫోటో కదా ఇది అని అడిగింది. నేను అప్పుడు ఏమన్నానో రాయను. అది గదిలోకి వెళ్ళిపోయింది.

కోపం చల్లారాక మోటారు పుస్తకం తీశాను. పూర్తిగా లాగినప్పుడు ఇంజన్ నిమిషానికి ఐదువేల నుంచి ఆరువేల చుట్ల మధ్య తిరగాలని అందులో ఉంది. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఐదువేలు దాటింది. పిల్లలిద్దరూ, వాళ్ళ గాలాల పెట్టెలు, నిండా పెట్రోలు, చేపల్ని బతికుంచే తొట్టిలో నీళ్ళు, మా ఆయన పదిమందికి సరిపడా కట్టిచ్చే పులిహోర కూలరు ఎక్కాక నాలుగువేల ఆరువందల దగ్గరే మూలిగేది. నేను స్పీడు చూసుకున్నాను గానీ ఆ అంకెని పట్టించుకోలేదు. బరువుతో ఉన్న బోటుకి పెద్ద పిచ్ పెడితే, టాప్ గేరులో కారు కదిలించినట్టే. మా అన్నయ్య పోలిక సరైనదే, ఇద్దరం దాన్ని తిరగేసి పట్టుకున్నాం. పిచ్ రెండంగుళాలు తగ్గిస్తే మూడు నాలుగు వందల చుట్లు పెరుగుతాయట. పంతొమ్మిది పిచ్, బరువుని బాగా లాగే నాలుగు రెక్కలది తెప్పించాను.

ఈసారి బరువుతో పరీక్షించాలి. పిల్లల్ని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. సరిగ్గా కుదిరాకే చూపించాలని పట్టుదల. ఇండియన్ స్టోరుకి వెళ్ళి ఇద్దరు ఆడపిల్లల బరువుకి సరిపడా సోనా మసూరి బస్తాలు కార్టులో వేశాను. మళ్ళీ ఇండియాలో బియ్యం ఎగుమతి ఆపేశారా ఆంటీ అని కౌంటర్ దగ్గర కుర్రాడు కంగారు పడ్డాడు. నా వెనక నిలబడ్డ ఆవిడ గబగబా వెళ్ళి తనూ రెండు బస్తాలు తెచ్చుకుంది.

శనివారం పొద్దున బస్తాల్ని చెత్త సంచుల్లో చుట్టి, పిల్లలు కూర్చునే చోట కూర్చోబెట్టి, జారకుండా లైఫ్ జాకెట్లు తొడిగాను. తడిస్తే ఆరునెలలు మనమే తినాలని మా ఆయన గట్టు మీద నుంచి గొణిగాడు. పక్కనే బోటు దింపుకుంటున్న పెద్దాయన చాలాసేపు చూసి, తన బోటుని ఇంకాస్త దూరంగా జరుపుకున్నాడు. థ్రాటిల్ నెట్టాను. బోటు ముక్కు కొంచెం లేచి, వెంటనే దిగి, బోటు నీటి మీద సాఫీగా పరిగెత్తింది. మలుపులో మాత్రం ప్రొపెల్లర్ గాలి పీల్చి ఇంజన్ అరిచింది. గట్టుకి వచ్చి మోటారు ఎత్తు మార్చే జాక్ ప్లేట్ బోల్టు తిప్పి మోటారుని అరంగుళం దించాను. ఆ తర్వాత అరుపు లేదు. చుట్లు ఐదువేల నాలుగువందలు. అత్యధిక స్పీడు నాలుగు మైళ్ళు తగ్గింది, దాని గురించి ఫ్యామిలీ గ్రూపులో ఏమీ రాయలేదు.

ఆదివారం ప్రాక్టీసుకి పిల్లలిద్దర్నీ ఎక్కించుకున్నాను. బోటు ఇట్టే లేచింది. లేక్ అవతలి ఒడ్డుకి చేరగానే అమెరికన్ పిల్ల ఫోన్ తీసి, పోటీకి నువ్వు రావక్కర్లేదని వాళ్ళ నాన్నకి మెసేజ్ పెట్టింది. తర్వాత బోటు ముందు భాగంలోకి వెళ్ళి గాలం వేసుకుంది. సంతోషం దాచుకోవడం నాకు రాదు, మా అమ్మాయి వైపు తిరిగి ఇప్పుడు స్పీడు సరిపోయిందా అని అడిగాను.

"స్పీడ్ ఎప్పుడూ ఓకేనే, అమ్మా," అంది మెల్లగా, తెలుగులో. "స్టార్ట్ చేసినప్పుడు ముక్కు అంతసేపు పైకే ఉండేది. ముందు ఏం కనపడేది కాదు. నేను కళ్ళు మూసుకునేదాన్ని. తను కూడా. అందుకే వాళ్ళ డాడ్‌కి చెప్పింది."

"మరి స్లో అని ఎందుకు చెప్పావు నాకు?"

"స్లో అంటే నువ్వు ఫిక్స్ చేస్తావ్. భయం అంటే బోట్ అమ్మేస్తావ్."

అది చెప్పింది అక్షరాలా నిజం. భయమని చెప్పి ఉంటే ఆ సాయంత్రమే బోటు అమ్మకానికి పెట్టేసి, పిల్ల క్షేమం కోసమే చేశానని అందరికీ చెప్పుకుని, మళ్ళీ దాని గది తలుపు బయట నిలబడి ఉండేదాన్ని.