అమ్మ లాగిన పడవ

తడిసిన కొబ్బరితాడు వాసన తగిలితే నాకు డెబ్బైల నాటి బందరు కాలవ గుర్తొస్తుంది. నాన్న పడవ నడిపేవాడు. ఓరోజు బస్సులు బందయ్యాయి. నొప్పులు పడుతున్న ఒకావిడను మా పడవలోనే బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. కంకిపాడు దాటగానే గాలి పడిపోయి తెరచాప వాలిపోయింది. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ పడవను తాడుతో లాగే మనిషి జ్వరంతో ఆ రోజు రాలేదు.

అమ్మ చీర బిగించి గట్టు మీదికి దిగి నడిచింది. నాన్న మీద అలిగి వెళ్లిపోతోందనుకుని నేను ఏడ్చాను. ఇంతలో తాడు బిగిసింది, పడవ కదిలింది.

"ఎవరమ్మా లాగేది?" అంది ఆవిడ మూలుగుతూనే.

"మా అమ్మండీ!" అని గట్టు దాకా వినబడేలా అరిచాను.

బిడ్డ ఆసుపత్రిలోనే క్షేమంగా పుట్టింది. ఎదురు నీటిలో అంతదూరం పడవ లాగడం ఎంత కష్టమో పెద్దయ్యాకే తెలిసింది. గర్వం మాత్రం ఆ రోజే తెలిసింది.